బేస్ మీద నడిచిన డ్రాగన్ మొక్కలు

లోగన్ పెన్ ఊళ్ళో ఇస్మే టల్లక్ పేరెత్తితే ముందు ఆవిడ మేకలు గుర్తొస్తాయి, తర్వాత ఆవిడ నోరు గుర్తొస్తుంది. మేకలు మంచివే. ఆ నోరు మాత్రం పగవాడికి కూడా వద్దు. పాస్టరు ప్రసంగం సాగదీస్తుంటే, "దేవుడంతటివాడు ఏడో రోజున ఆపేశాడు నాయనా" అని వెనక బెంచీలోంచి అన్న మనిషి ఆవిడ. కానీ ఇక్కడ చెప్పేది ఆ నోటి సంగతి కాదు. ఆ నోరు కట్టేసుకుని, గుడ్లు పొదిగే కోడిలాగా, ఆవిడ ఏళ్ళ తరబడి పొదిగిన పగ సంగతి. ఆ పగ పుట్టిందీ, పెరిగిందీ, తీరిందీ ఊరి పక్కనున్న విమానాల బేస్ మీదే.

యుద్ధం రాకముందు అది బేస్ కాదు. చెరకు తోటల మధ్య నాలుగైదు కుటుంబాల పెరళ్ళు. అందులో టల్లక్‌ల పెరడొకటి. చెక్క ఇల్లు, అకీ చెట్టు, సీమపనస చెట్టు, వంటపాక, ఇంటి వెనక అడీనా సమాధి. అడీనా అంటే ఇస్మే తల్లి. రెండో కాన్పులో బిడ్డతో సహా పోయింది. జమైకాలో మా వైపు చచ్చినవాళ్ళను దూరంగా పెట్టరు, పెరట్లోనే పెట్టుకుంటారు. ఎవరి పెద్దలు పడుకున్నారో నేల వాళ్ళది, కాగితాలు ఎవరి పేరున ఉన్నా సరే. రాయి కట్టించలేనివాళ్ళు సమాధికి తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి ఎర్రాకుల డ్రాగన్ మొక్క నాటుతారు. అది మొండి మొక్క. కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే చాలు, బతికేస్తుంది. ఆ ఎర్రాకులు జంటగా కనబడ్డ చోట ఎవడూ పార దించడు. రాతి మీద చెక్కిన పేరును అనుమానించే మనిషి కూడా డ్రాగన్ మొక్కను అనుమానించడు.

ఇస్మేకి ఎనిమిదేళ్ళప్పుడు అమెరికావాళ్ళు విమానాల కోసం ఆ నేలంతా తీసుకున్నారు. అందరినీ కాలవ అవతలికి పొమ్మన్నారు. సమాధులను మాత్రం పాస్టరు ఎదుట తవ్వి, గౌరవంగా మార్చాలని సర్కారు మాట. ఏ సమాధి ఎక్కడుందో చూపించే పని క్లియోఫస్ గేనర్‌ది. అప్పటికి పాతికేళ్ళు కూడా లేని మనిషి, ఊరివాడే, అడీనా చేతి వంట తిన్నవాడే. పాస్టరు వేరే ఊరి నుంచి రావాలి, ఆయన వచ్చేదాకా యంత్రాలు ఆగాలి, ఆగితే క్లియోఫస్‌కి ఇస్తామన్న మేస్త్రీ పని ఇంకొకడికి పోతుంది. అందుకని ఆ మహానుభావుడు ఏం చేశాడు? అడీనా డ్రాగన్ మొక్కలు రెండూ వేళ్ళతో పెకలించి, తీసుకెళ్ళి కాలవగట్టున నాటాడు. తవ్వింది లేదు, ప్రార్థన లేదు. ఇస్మే తండ్రి యుస్టస్ దగ్గరికి వెళ్ళి, అంతా పద్ధతిగా జరిగిందని, తానే దగ్గరుండి చూశానని చెప్పాడు. యుస్టస్ టోపీ తీసి అతనికి దండం పెట్టాడు.

ఇస్మే అప్పటినుంచీ కాలవగట్టుకే వెళ్ళేది. గడ్డి పీకేది, చుట్టూ ఊడ్చేది, పండగ ముందు రాళ్ళకు సున్నం కొట్టేది, తండ్రి రమ్ము ఒంపితే పక్కన నిలబడేది. బడిలో దెబ్బలు తిన్న సంగతి, పెద్దమనిషైన సంగతి, పెళ్ళాడతానని చెప్పి కింగ్‌స్టన్ ఓడ రేవుకి పోయి మళ్ళీ రానివాడి సంగతి, అన్నీ ఆ రెండు మొక్కల మధ్య కూర్చుని తల్లికి చెప్పుకుంది. తల్లి వింటున్నదని దానికి ఎంత నమ్మకమో.

యుద్ధం అయిపోయింది. విమానాలు పోయాయి, గేటు తాళంచెవులు మాత్రం క్లియోఫస్ నడుముకి మిగిలాయి. అప్పటినుంచి ఊళ్ళో అతను తాళాల క్లియోఫస్. బేస్ మీద గడ్డి కోయాలన్నా అతన్ని అడగాలి, రేకు పట్టుకుపోవాలన్నా అతన్ని అడగాలి. కొన్నాళ్ళకు కింగ్‌స్టన్ బాబులు ఆ పొడుగాటి కాంక్రీటు చూసి మోజుపడి, అక్కడ కార్ల పందేలు పెట్టారు. రన్‌వే మీద తెల్ల గీత గీశారు, కార్లన్నీ అక్కడినుంచి బయలుదేరేవి. గేటు దగ్గర టోపీ పెట్టుకుని మళ్ళీ క్లియోఫస్సే. ఏ ఎండకా గొడుగు పట్టడంలో అతన్ని మించినవాడు ఈ దీవిలో లేడు. ఇస్మే వేయించిన చేపలు, కర్రపెండలం రొట్టెలు గంపలో పెట్టుకుని పందెం రోజుల్లో అక్కడే అమ్మేది. ఆ గీత పక్కనే నిలబడి, పాపం, దానికేం తెలుసు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు యుస్టస్ పోయాడు. తనను అడీనా గోతిలోనే, ఆవిడ పెట్టె మీదే పెట్టమన్నది అతని చివరి కోరిక. ఊరి మగవాళ్ళు రమ్ము తాగుతూ, పాటలు పాడుతూ కాలవగట్టున గొయ్యి తవ్వడం మొదలెట్టారు. నడుము లోతుకొచ్చేసరికి పాట ఆగింది. తెల్ల సుద్దరాతి నేల. సృష్టి మొదలైనప్పటినుంచీ గునపం తగలనట్టు గట్టిగా, ముక్క చెదరకుండా ఉంది. ఇంకా తవ్వారు. పెట్టె లేదు, మేకు లేదు, ఎముక లేదు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, తర్వాత ఇస్మే మొహం చూశారు. యుస్టస్‌ని ఆ గోతిలోనే పెట్టారు, ఒంటరిగా.

ఇస్మే తండ్రిని పూడ్చిన మట్టి చేతులతోనే బేస్ గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు పందెం రోజు, జనం కిటకిటలాడుతున్నారు.

"మా అమ్మ ఎక్కడ, మాస్ క్లియోఫస్?" అంది. పెద్దవాళ్ళను మా వైపు మాస్ అనే పిలుస్తారు, గౌరవం ఉన్నా చచ్చినా.

క్లియోఫస్ బుకాయించనైనా లేదు. అప్పటికే రెండు గుక్కలు పడ్డట్టున్నాయి, గడ్డంతో రన్‌వే వైపు చూపించాడు.

"ఎక్కడికి పోద్దే? అదిగో, కార్లు బయల్దేరే గీత కింద. ఇంత జనం, ఇంత సందడి. మీ అమ్మకి తోడు లేదని నువ్వేం బెంగపడక్కర్లేదులే."

కొంతమంది నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇస్మే చూసి పెట్టుకుంది. చేతిలోని మట్టి అతని గేటు మీద రాసి, ఒక్క మాట అనకుండా వచ్చేసింది. ఆ నోరు అట్లా మూతబడటం ఊరు అదే మొదటిసారి చూడటం. చావు ఒక్కటీ సరిపోదు వీడికి, చచ్చాక కూడా తోడు లేకుండా చెయ్యాలని ఆ దారిలోనే ఒట్టు పెట్టుకుంది.

ఆ వారంలో క్లియోఫస్ భార్య మెర్లీన్ చిలగడదుంప పుడ్డింగు గిన్నె పట్టుకుని ఇస్మే ఇంటికొచ్చింది. గడపలో నిలబడి, తన మొగుడు చేసిన పనికి తాను సిగ్గుతో చచ్చిపోతున్నానంది. ఆ ఇంటినుంచి క్షమించమని అడిగిన మనిషి ఆవిడొక్కతే. ఇస్మే క్షమించలేదు. పుడ్డింగు మాత్రం తింది.

పందేలు పోయాక బేస్ మీదికి మళ్ళీ విమానాలొచ్చాయి. ఈసారివి దీపాల్లేని చిన్న విమానాలు, గంజాయి మూటలకోసం వచ్చేవి. వాటికి దారి చూపడానికి కిరసనాయిలు సీసాల్లో వత్తులు వెలిగించి రన్‌వే పొడుగునా పెట్టేది మన క్లియోఫస్సే. ఇస్మే మే పెన్ పట్నం వెళ్ళి పోలీసులకు చెప్పేసింది. అతన్ని పట్టుకెళ్ళారు. ఇస్మే ఆ రోజు మేకపోతును కోసి కూర వండింది. మర్నాడు సైనికులొచ్చి, ఇక విమానం దిగకుండా కాంక్రీటు పగలగొట్టి, రన్‌వే మధ్యలో వరసగా ఇనుప స్తంభాలు పాతారు. అందులో ఒకటి సరిగ్గా ఆ తెల్ల గీత మీద దిగింది. యంత్రం గుండెలదిరేట్టు దిగ్గొడుతుంటే ఇస్మే కంచె పట్టుకుని చూస్తూ నిలబడింది. "మేకు మా అమ్మ గుండెల్లో దిగింది, దిగేట్టు చేసింది నేను" అని ఇంటికొచ్చి కూరగిన్నె కుక్కలకు బోర్లించింది. క్లియోఫస్ జైలు నుంచి ఒళ్ళు చేసి తిరిగొచ్చాడు, తాళంచెవులు తీసి మళ్ళీ నడుముకి కట్టుకున్నాడు. తొందరపడితే దెబ్బ ఎవరికి తగులుతుందో ఇస్మేకి తెలిసొచ్చింది.

ఆ తర్వాత బేస్ పేదవాళ్ళదైంది. స్తంభాల మధ్య కాంక్రీటు మీద మా వాళ్ళు పిమెంటో మసాలా గింజలు ఎండబోసేవారు. కుర్రాళ్ళు బంతాట ఆడేవారు. కారు నేర్చుకునేవాళ్ళు స్తంభాలకు గుద్దుకునేవారు. సాయంత్రమయ్యేసరికి మేకలు వేడి నేల మీద పడుకుని నెమరేసేవి. క్లియోఫస్ గేటు పక్కన పాక వేసుకుని, బేస్ అంతా తన సొంత ఆస్తి అన్నట్టు అరటి నాటాడు, పందుల్ని పెంచాడు. తర్వాత మెర్లీన్ పోయింది. ఆవిణ్ణి చర్చి ఆవరణలో పెట్టకుండా బేస్ మీదే, పాక వెనక గడ్డిలో పెట్టాడు. ఎందుకో అందరికీ తెలుసు. పెద్దలు పడుకున్న నేల వాళ్ళ పిల్లలది కదా. టల్లక్‌ల నేలను గేనర్‌ల నేల చెయ్యాలని వాడి పన్నాగం. సిమెంటు కడితే అధికారులు పడగొడతారని, తలవైపు ఒకటి కాళ్ళవైపు ఒకటి డ్రాగన్ మొక్కలు నాటి ఊరుకున్నాడు. తనను ఆవిడ పక్కనే పెట్టమని కొడుకులకు చెప్పాడు.

ఆ మొక్కలు చూసిన రోజున ఇస్మే ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. ఏం చెయ్యాలో తెలిసిపోయింది మరి.

మెర్లీన్ పడుకున్న చోటికి ఆనుకుని, అమెరికావాళ్ళు విమానాలు కట్టేసిన ఇనుప కడియం ఒకటి నేలలో ఉంది. ఇస్మే రోజూ మేకను ఆ కడియానికే కట్టేది. మేకను చూసుకునే మిషతో మొక్కలు చూసుకునేది. వానలు పడ్డప్పుడల్లా ఒక కొమ్మ విరిచి, అడుగు అవతల గుచ్చేది. అది నాటుకున్నాక పాతదాని మొదట్లో మేకను వదిలేది. రెండో మొక్క కూడా అంతే. ఒక వానకి ఒక అడుగు. తొందర లేదు, ఎవరికీ అనుమానం లేదు. క్లియోఫస్ కళ్ళు అప్పటికే మసకలు, చక్కెర జబ్బు. కొడుకులు పండక్కి తప్ప రారు. అట్లా రెండు డ్రాగన్ మొక్కలు ఎవరూ చూడకుండా నడుచుకుంటూ, కొన్నేళ్ళకి బేస్ దాటి, కాలవగట్టుకి, యుస్టస్‌కి కాస్త ఎడంగా చేరాయి. ఒకప్పుడు వాడు అబద్ధం నాటిన గట్టు అదే.

క్లియోఫస్ కర్ర తాటించుకుంటూ వచ్చి, ఎర్రాకులు చేత్తో తడిమి చూసుకుని, వాటి పక్కన కూలబడేవాడు. పందులు ఈనిన సంగతి, కొడుకు తిట్టిన సంగతి, మోకాళ్ళ నొప్పులు, అన్నీ మెర్లీన్‌కి చెప్పుకునేవాడు. కొంత దూరంలో ఇస్మే మేకల మధ్య కూర్చుని వినేది. ఉత్త సుద్దరాయితో కాపురం చేస్తున్న ఆ ముసలాణ్ణి చూస్తుంటే ఆవిడకి కడుపు చల్లబడేది. దయ కలగలేదా అని తర్వాత ఒకసారి ఎవరో అడిగితే, "నేను చెప్పుకున్న మాటలు ఎవడు విన్నాడు?" అని ఎదురడిగింది.

కానీ తెలియకుండా పడే దెబ్బ దెబ్బే కాదు. క్లియోఫస్‌కి పక్షవాతం వచ్చి నోరు పడిపోయిందని తెలిసిన రోజున ఇస్మే మంచి గౌను వేసుకుని, చర్చి టోపీ పెట్టుకుని చూడటానికి వెళ్ళింది. పెద్దకొడుకు ఎవరాల్డ్, చర్చిలో డీకన్, కుర్చీ వేశాడు. ఎంత మంచి మనసమ్మా అని అందరూ పక్కకు తప్పుకున్నారు. ఇస్మే వంగి, ప్రార్థన చేస్తున్నట్టు చెవిలో చెప్పింది.

"మాస్ క్లియోఫస్, నువ్వు తడుముకునే మొక్కల కింద మెర్లీన్ లేదు. మీ కొడుకులు నిన్ను పెట్టే చోట ఎవరూ లేరు. ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. నేను చెప్పను."

ముసలాడి కళ్ళు పెద్దవయ్యాయి. నాలుక ఆడించబోయాడు, చొంగ తప్ప మాట రాలేదు. బతికున్న చెయ్యి ఇస్మే గౌనుని పట్టుకుంది. ఆవిడ ఒక్కొక్క వేలూ ఊడదీసుకుని, ఆమెన్ అని లేచింది. ఆ ప్రార్థనకి నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని ఎవరాల్డ్ ఊరంతా చెప్పాడు. వారం తిరక్కుండా క్లియోఫస్‌ని కాలవగట్టున, రెండు డ్రాగన్ మొక్కల పక్కన పెట్టారు. గొయ్యి తవ్వినవాళ్ళకి ఇస్మే మేక తల సూపు కాచి పంపింది.

ఆ తర్వాత కొన్నేళ్ళకి సర్కారు మళ్ళీ వచ్చింది. సరుకుల విమానాలకోసం రన్‌వే వెడల్పు చేస్తారట. మళ్ళీ అదే మాట, సమాధులుంటే చూపించండి, చర్చి ఆవరణకి మారుస్తాం అని. ఈసారి వచ్చినావిడ నెమ్మదస్తురాలు, అందరినీ ఆంటీ, అంకుల్ అని పలకరించే సర్వే ఆఫీసరమ్మ. పాత కాంక్రీటు పగలగొడతారా, ఆ స్తంభాలున్న దగ్గర, అని ఇస్మే అడిగింది. పగలగొట్టరు, దాని మీదే కొత్తది పోస్తారు అందావిడ. ఎందుకని ఆవిడ అడగలేదు, ఈవిడ చెప్పలేదు.

ఎవరాల్డ్ అమ్మానాన్నల సమాధులు చూపించాడు. క్లియోఫస్ పెట్టె బయటికొచ్చింది. దాని పక్కన, మొక్కల నడుమ, తవ్వారు, ఇంకా తవ్వారు. తెల్ల సుద్దరాతి నేల, గునపం తగలనిది. పాట ఆగిపోయిన ఆ పాత రోజు గుర్తున్న ముసలాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి ఇస్మే వైపు చూశారు. ఇస్మే మేక చెవిలో గోమారి ఏరుతోంది.

ఆ పని తీరిగ్గా పూర్తిచేసి, లేచి, ఆఫీసరమ్మను పిలిచి కడియం దగ్గరికి తీసుకెళ్ళింది. జనమంతా వెంట నడిచారు. మేకను విప్పి, నేల చూపించింది.

"ఇక్కడ మా అమ్మ ఉందమ్మా. అడీనా టల్లక్. మా నాన్న కాలవగట్టున ఉన్నాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టండి."

ఎవరాల్డ్ ముందుకొచ్చాడు. వాడికి అర్థమైపోయింది. వాడి నోరు తెరుచుకోవడం ఇస్మే చూసింది.

"ఏం నాయనా, మా అమ్మ కాదంటావా? అయితే మా అమ్మ ఎక్కడుందో నువ్వే ఆఫీసరమ్మకి చెప్పు. ఎవరు పెట్టారో, ఎట్లా పెట్టారో కూడా చెప్పు. మీ నాన్న పెట్టె బయటే ఉంది, విననీ."

ఆఫీసరమ్మ ఎవరాల్డ్ వైపు చూసింది, ఊరూ అతని వైపే చూసింది. గేటు దగ్గర ఆ రోజు నవ్వినవాళ్ళ పిల్లలు కూడా అందులో ఉన్నారు. డీకన్‌గారు టోపీ చేతుల్లో నలుపుకుంటూ నేల చూశాడు. తవ్వమంది ఆఫీసరమ్మ.

చెక్క చివికిన పెట్టె, ఎముకలు. పుర్రె దగ్గర నీలం ప్లాస్టిక్ దువ్వెన. అది చూసి ఎవరాల్డ్ గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది. తవ్వే మనిషి, పక్క ఊరివాడు, దువ్వెన తుడిచి చూసి, ఆ కాలంలో ఇలాంటివి ఉన్నాయా ఆంటీ అన్నాడు.

"అమెరికావాళ్ళు తేనిదంటూ ఏముంది నాయనా" అని ఇస్మే దాన్ని అందుకుని, మళ్ళీ ఎముకల పక్కనే పెట్టింది.

ఆదివారం చర్చి ఆవరణలో పూడ్చారు. క్లియోఫస్‌ని ఒక మూలన, ఒక్కణ్ణే. యుస్టస్‌ని, అడీనా పేరు పెట్టిన ఎముకలని, ఇంకో మూలన పక్కపక్కనే. ఈసారి పాస్టరున్నాడు, ప్రార్థనుంది, పాటా ఉంది. అంతా వెళ్ళిపోయాక ఎవరాల్డ్ మాత్రం దూరంగా ఉండిపోయాడు. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకుంటూ వచ్చాడు. రాయి మీద ఏ పేరు చెక్కిస్తారు మిస్ ఇస్మే అని అడిగాడు. మా అమ్మ పేరే అంది. వాడు, అప్పుడప్పుడు వచ్చి గడ్డి పీకి పోవచ్చా అన్నాడు.

"రా. గడ్డి పీకు, సున్నం కొట్టు" అంది ఇస్మే. "మీ అమ్మకి తోడు లేదని మాత్రం బెంగపడక్కర్లేదులే. మా నాన్న పక్కనే ఉన్నాడు."

వాడు వెళ్ళిపోయాడు. ఇస్మే రెండు డ్రాగన్ కొమ్మలు తెచ్చుకుంది, తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి గుచ్చింది. చిన్నప్పటిలాగే వాటి మధ్య చతికిలబడింది. ఇన్నాళ్ళకి చెప్పుకోవాల్సింది ఎంతో ఉంది. అమ్మా అని మొదలుపెట్టబోయింది, నోరు రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. బేస్ వైపునుంచి యంత్రాల మోత వినబడుతోంది, కాంక్రీటు మీద కాంక్రీటు పోస్తున్నారు. ఇస్మే అటు చూడకుండా సమాధి మీద మట్టిగడ్డ ఒకటి వేళ్ళతో చిదిపింది.

"మెర్లీన్, ఆ రోజు నీ పుడ్డింగులో జాజికాయ ఎక్కువైంది" అంది.